పాత యాట్‌లో.. కొత్త కొలువు!

బయటి నుంచి చూస్తే తళతళలాడే యాట్‌. లోపలికి దిగితే నలభై ఏళ్లనాటి వైర్లు, వాసన కొట్టే టాయిలెట్లు! ఇలాంటి పాత మోటార్‌ యాట్‌లను విప్పి, సరిచేసి, మళ్లీ సముద్రానికి పంపే పనే రీఫిట్‌. ఇందులో పైపులు ఒకరివి, కరెంటు ఇంకొకరిది అనుకుంటే కుదరదు. రెండూ తెలిసినవారికే ఇక్కడ గిరాకీ. ఆ పని ఎలా ఉంటుంది? ఏమేం నేర్చుకోవాలి? మన ఐటీఐ, డిప్లొమా, ఇంజినీరింగ్‌ విద్యార్థులకు దారి ఎటు? తెలుసుకుందాం!

యాట్‌ అనగానే సంపన్నుల విలాసమే గుర్తుకొస్తుంది. ఉద్యోగం వెతుక్కునేవారికి మాత్రం అది ఇంకోలా కనిపించాలి. ఒక మోస్తరు మోటార్‌ యాట్‌లో ఇల్లుంటుంది, కరెంటు తయారీ ఉంటుంది, నీటి సరఫరా ఉంటుంది, డ్రైనేజీ ఉంటుంది. ఊళ్లో మునిసిపాలిటీ, విద్యుత్‌ సంస్థ కలిసి చేసే పనులన్నీ నడిసముద్రంలో ఆ పడవ తనంతట తానే చేసుకోవాలి. ఏది ఆగినా బాగుచేయడానికి బయటి నుంచి ఎవరూ రారు.

1970, 80 దశకాల్లో ఫైబర్‌గ్లాస్‌తో కట్టిన యాట్‌లు ఇప్పటికీ చాలానే తిరుగుతున్నాయి. సింగపూర్‌లో తయారైన గ్రాండ్‌ బ్యాంక్స్‌ ట్రాలర్లు, తైవాన్‌ యార్డుల పడవలు ఇందుకు ఉదాహరణ. వీటి హల్‌, అంటే పడవ దేహం, సరిగ్గా చూసుకుంటే దశాబ్దాలు నిలుస్తుంది. లోపలి గొట్టాలు, వైర్లు, పంపులు అంతకాలం నిలవవు. కొత్త యాట్‌ కొనాలంటే తడిసి మోపెడవుతుంది కాబట్టి యజమానులు పాత దేహంలో కొత్త వ్యవస్థలు పెట్టించుకుంటారు. రీఫిట్‌ పరిశ్రమ నడిచేది ఇలాగే.

ఫ్రాన్స్‌లో లా సియోటా, స్పెయిన్‌లో బార్సిలోనా, పాల్మా, బ్రిటన్‌లో ఫాల్మౌత్‌, అమెరికాలో ఫోర్ట్‌ లాడర్‌డేల్‌ ఈ పనికి పేరున్న కేంద్రాలు. మధ్యధరా ప్రాంతంలో వేసవి విహారాలు ముగిశాక, అక్టోబరు నుంచి ఏప్రిల్‌ దాకా యార్డులు కిటకిటలాడతాయి. పెద్ద యాట్‌లకు లాయిడ్స్‌, రినా వంటి క్లాస్‌ సంస్థల తనిఖీలుంటాయి. అయిదేళ్లకోసారి జరిగే పెద్ద తనిఖీకి ఎలాగూ పడవను ఒడ్డెక్కించాలి కాబట్టి రీఫిట్‌ను కూడా అప్పుడే పెట్టుకుంటారు.

రెండు పనులు కావు.. ఒక్కటే!

ఓడల్లో టాయిలెట్‌ను ‘హెడ్‌’ అంటారు. పాత తెరచాప ఓడల్లో అది ముందుభాగంలో ఉండేది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. అప్పట్లో దానికి కరెంటుతో సంబంధం లేదు. ఇప్పుడలా కాదు. ఒక్క ఫ్లష్‌ వెనక ఏమేం ఉంటాయో చూడండి. బటన్‌ నొక్కగానే మంచినీటి పంపు తిరగాలి. వ్యర్థాన్ని ముక్కలు చేసే మాసరేటర్‌ మోటారో, లాగేసే వ్యాక్యూమ్‌ పంపో పనిచేయాలి. ట్యాంకు ఎంత నిండిందో సెన్సర్‌ చెప్పాలి. మంచినీళ్లు కావాలంటే సముద్రపు నీటిని శుద్ధిచేసే వాటర్‌మేకర్‌ నడవాలి. దానికి జనరేటర్‌ ఉండాలి. అందుకే టాయిలెట్‌ మారుస్తామని మొదలైన పని తరచూ కరెంటు ప్యానెల్‌ దాకా వెళ్తుంది.

లోపం వెతకడమూ అంతే. రాత్రి ఎవరూ టాయిలెట్‌ వాడకపోయినా వ్యాక్యూమ్‌ పంపు మళ్లీ మళ్లీ ఆన్‌ అవుతోందనుకుందాం. ఎలక్ట్రీషియన్‌ స్విచ్‌ పాడైందనుకుంటాడు. చాలాసార్లు అసలు కారణం పైపులోనే ఉంటుంది. ఎక్కడో ఒక రబ్బరు వాల్వు అరిగి గాలి లీకవుతుంటుంది. ఒత్తిడి పడిపోయినప్పుడల్లా పంపు తన పని తాను చేస్తోందన్నమాట! ఇంకో సందర్భంలో టాయిలెట్‌ పదేపదే అడ్డుపడుతుంది. ప్లంబర్‌ గొట్టాలన్నీ విప్పేస్తాడు. కానీ మోటారు దగ్గర, అది తిరుగుతుండగా వోల్టేజీ కొలిస్తే 12కు బదులు 10 వోల్టులే వస్తుంటాయి. మోటారు నీరసంగా తిరుగుతోంది కాబట్టి వ్యర్థం సరిగ్గా ముక్కలవడం లేదు. మొదటిచోట కరెంటు లక్షణం చూపించింది పైపు లోపాన్ని. రెండోచోట పైపు లక్షణం చూపించింది కరెంటు లోపాన్ని. ఈ రెంటినీ ముడిపెట్టి ఆలోచించగలవారి కోసమే యార్డులు చూస్తాయి.

వాసన ఎక్కడి నుంచి?

పాత యాట్‌ ఎక్కగానే వచ్చే మొదటి ఫిర్యాదు వాసన. గదిని ఎంత కడిగినా పోదు. దీనికి ప్రధానంగా మూడు కారణాలుంటాయి.

మొదటిది సముద్రపు నీరు. పాత టాయిలెట్లు ఫ్లష్‌కు సముద్రపు నీటినే తోడుకుంటాయి. అందులోని సూక్ష్మజీవులు గొట్టంలో కదలకుండా ఉన్న నీటిలో చనిపోయి కుళ్లుతాయి. గాలి అందనిచోట బ్యాక్టీరియా నీటిలోని సల్ఫేట్‌ను హైడ్రోజన్‌ సల్ఫైడ్‌గా మారుస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. రెండోది గొట్టం. ఏళ్లు గడిచేకొద్దీ వాసన గొట్టం గోడల్లోంచే బయటికి వస్తుంది. దీనికో సులువైన పరీక్ష ఉంది. వేడినీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను గొట్టానికి చుట్టి, చల్లారాక వాసన చూడాలి. గుడ్డకు వాసన పట్టిందంటే ఆ గొట్టం మార్చాల్సిందే. మూడోది ట్యాంకు గాలి గొట్టం. అది సన్నగా ఉన్నా, మూసుకుపోయినా లోపలికి ఆక్సిజన్‌ అందదు. అప్పుడు వాసన పుట్టించే బ్యాక్టీరియాదే రాజ్యం.

మరో తలనొప్పి గార. మూత్రం, సముద్రపు నీరు కలిసినచోట కాల్షియం లవణాలు పేరుకుని గొట్టం లోపల రాయిలా గట్టిపడతాయి. కొన్నేళ్లకు ఒకటిన్నర అంగుళాల గొట్టంలో వేలు పట్టేంత సందు మిగలడం మామూలే.

అందుకే ఇప్పుడు రీఫిట్‌లో ఎక్కువగా మంచినీటి ఫ్లష్‌ వైపు మొగ్గుతున్నారు. ఇందులో రెండు రకాలు. మాసరేటర్‌ టాయిలెట్‌ ధర తక్కువ, అమర్చడం తేలిక. నీరు మాత్రం ఎక్కువ తీసుకుంటుంది. వ్యాక్యూమ్‌ వ్యవస్థ ఖరీదైనది, పైపులు బిగించడంలో నైపుణ్యం కావాలి. ఫ్లష్‌కు మాత్రం లీటరు అటూఇటూగా సరిపోతుంది. విమానాల్లో, రైళ్లలో చూసేది దాదాపు ఇదే సూత్రం.

తేడా ఎంతో చిన్న లెక్కలో చూద్దాం. యాట్‌లో ఆరుగురున్నారు, ఒక్కొక్కరు రోజుకు అయిదుసార్లు ఫ్లష్‌ చేస్తారు. మొత్తం 30 ఫ్లష్‌లు. ఒక్కోదానికి 4 లీటర్లయితే రోజుకు 120 లీటర్లు. 200 లీటర్ల ట్యాంకు రెండు రోజులు కూడా రాదు. ఒక లీటరు చొప్పునైతే 30 లీటర్లే. వ్యర్థాన్ని కలుపుకొన్నా అదే ట్యాంకు నాలుగైదు రోజులు ఆగుతుంది. ఇరుకైన పాత యాట్‌లో కొత్త ట్యాంకుకు చోటు దొరకనప్పుడు ఈ లెక్కే నిర్ణయం తీసుకుంటుంది.

ప్రాణాల మీదికి వచ్చే చోట్లు

ఈ పనిలో తప్పు జరిగితే వాసనతో పోదు. పడవ మునుగుతుంది, మనుషులు పోతారు. కొత్తగా చేరేవారు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి.

చాలా యాట్‌లలో టాయిలెట్‌ నీటిమట్టం కంటే కిందే ఉంటుంది. గొట్టం నేరుగా సముద్రంలోకి తెరుచుకుంటే సైఫన్‌ మొదలై, నీరు వెనక్కి తన్ని పడవలోకి రావచ్చు. ఒడ్డున కట్టేసి ఉన్న పడవలు కూడా ఇలా మునిగిన సందర్భాలున్నాయి. దీన్ని అడ్డుకోవడానికి గొట్టాన్ని నీటిమట్టం కంటే బాగా పైకి తీసుకెళ్లి వంచి, ఆ వంపు మీద గాలి పీల్చే వాల్వు పెడతారు. దీన్ని వెంటెడ్‌ లూప్‌ అంటారు. పడవ ఒక పక్కకు ఒరిగినా ఆ వంపు నీటిపైనే ఉండేలా చూడాలి.

హల్‌కు ఉన్న రంధ్రం దగ్గర బిగించే వాల్వు సీకాక్‌. ఇంటి ప్లంబింగ్‌లో వాడే మామూలు ఇత్తడి వాల్వు ఇక్కడ పనికిరాదు. ఉప్పునీరు ఇత్తడిలోని జింకును తినేస్తుంది. చూడ్డానికి బాగానే ఉన్న వాల్వు ఒకరోజు చేతిలో విరిగివస్తుంది. కంచుతో చేసినవి, జింకు పోకుండా ప్రత్యేకంగా తయారైన మిశ్రమలోహంవి, ఈ పని కోసమే చేసిన ప్లాస్టిక్‌వి వాడాలి. నీటిమట్టానికి దిగువనున్న గొట్టాల చివర్లకు రెండేసి స్టెయిన్‌లెస్‌ క్లిప్పులు బిగించడం మంచి పద్ధతి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ట్యాంకులోని వాయువు. హైడ్రోజన్‌ సల్ఫైడ్‌ గాఢత పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన తగ్గిందని లోపలికి తల పెట్టినవాళ్లు లేవరు. మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్‌ ట్యాంకుల్లో కార్మికుల మరణాల వార్తలు మనకు కొత్త కాదు. యాట్‌ ట్యాంకు చిన్నదే అయినా వాయువు అదే. గ్యాస్‌ మీటర్‌, గాలి ప్రసరణ, బయట ఒక మనిషి, రాతపూర్వక అనుమతి.. ఇవి లేకుండా ట్యాంకు తెరవమని ఎవరు చెప్పినా ‘కుదరదు’ అనగలగాలి. అది ధిక్కారం కాదు, వృత్తి నియమం.

నల్ల వైరు నమ్మించి ముంచుతుంది

కరెంటు వైపు వద్దాం. మన దగ్గర పనిచేసిన ఎలక్ట్రీషియన్‌కు నల్ల వైరు అంటే న్యూట్రల్‌. అలవాటుగా చెయ్యి దానివైపు ధైర్యంగా వెళ్తుంది. అమెరికా పద్ధతిలో వైరింగ్‌ చేసిన యాట్‌లో ఏసీ సర్క్యూట్‌లో నల్ల వైరే లైవ్‌, తెల్లది న్యూట్రల్‌! అదే పడవలో బ్యాటరీ సర్క్యూట్‌లో నల్లది నెగెటివ్‌. అంటే ఒకే రంగు వైరు ఒకచోట ఏమీ చేయదు, ఇంకోచోట ప్రాణం తీస్తుంది. ఈ గందరగోళం వద్దనే డీసీ నెగెటివ్‌కు పసుపు రంగు వాడటాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ ఏబీవైసీ ప్రోత్సహిస్తోంది. యూరప్‌ పద్ధతిలో గోధుమ రంగు లైవ్‌, నీలం న్యూట్రల్‌, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్త్‌. నలభై ఏళ్లలో నాలుగు దేశాల్లో రిపేర్లు జరిగిన యాట్‌లో ఈ పద్ధతులన్నీ కలిసిపోయి ఉండొచ్చు. అందుకే ఇక్కడ మొదటి సూత్రం: రంగును నమ్మొద్దు, మీటర్‌ను నమ్మండి. ఆ మీటర్‌ పనిచేస్తోందో లేదో కూడా ముందు తెలిసిన లైవ్‌ మీద పరీక్షించండి.

వైరు కూడా ఇంట్లో వాడేది కాదు. ఉప్పుగాలికి మామూలు రాగి తీగ నల్లబడి లోపలి నుంచే పాడవుతుంది. ఒక్కో పోగుకూ తగరం పూత ఉన్న, సన్నని పోగులతో అల్లిన తీగ వాడాలి. పడవ నిరంతరం కంపిస్తుంది కాబట్టి ఒకే పోగున్న గట్టి తీగ విరిగిపోతుంది. జాయింట్లను కేవలం సోల్డర్‌ మీద వదిలేయకుండా సరైన క్రింపింగ్‌ టూల్‌తో నొక్కి, వేడికి ముడుచుకునే ట్యూబుతో మూయాలి.

తీగ మందం.. బ్యాటరీ సైజు

ఇంటర్వ్యూల్లో, యార్డు పరీక్షల్లో పనికొచ్చే లెక్క ఇది. ఒక 12 వోల్టుల టాయిలెట్‌ పంపు 20 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. బ్యాటరీకి 10 మీటర్ల దూరంలో ఉంది. కరెంటు వెళ్లిరావాలి కాబట్టి తీగ పొడవు 20 మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే దారిలోనే సుమారు 1.2 వోల్టులు పోతాయి. అంటే 10 శాతం. ఏబీవైసీ ప్రమాణాల్లో ముఖ్యమైన సర్క్యూట్లకు 3 శాతం, మిగతావాటికి 10 శాతం దాకా తగ్గుదలను అనుమతిస్తారు. మన పంపు అంచు మీద ఉంది. ఒక్క కనెక్షన్‌ తుప్పుపట్టినా మోటారు మొరాయిస్తుంది. 25 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.3 వోల్టులకు దిగుతుంది. కానీ ఆ తీగ లావు, బరువు, ధర ఎక్కువ.

ఇప్పుడు అదే పంపును 24 వోల్టులది తీసుకోండి. కరెంటు 10 ఆంపియర్లే. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో నష్టం దాదాపు 0.6 వోల్టులు. 24లో ఇది రెండున్నర శాతం మాత్రమే. పెద్ద యాట్‌లు 24 వోల్టుల వైపు ఎందుకు వెళ్తాయో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది.

మరి టాయిలెట్‌కు పెద్ద బ్యాటరీ కావాలా? 20 ఆంపియర్ల పంపు ఫ్లష్‌కు ఒక నిమిషం తిరిగినా, రోజుకు 30 ఫ్లష్‌లకు అరగంట. అంటే 10 ఆంపియర్‌-అవర్లే. సగటున 4 ఆంపియర్లు లాగుతూ రోజంతా నడిచే ఫ్రిజ్‌కు 96 ఆంపియర్‌-అవర్లు కావాలి! అంటే టాయిలెట్‌కు కావాల్సింది లావైన తీగ, ఫ్రిజ్‌కు కావాల్సింది పెద్ద బ్యాటరీ. తీగను ఆంపియర్లు నిర్ణయిస్తాయి, బ్యాటరీని ఆంపియర్‌-అవర్లు నిర్ణయిస్తాయి. యాట్‌లోని ప్రతి పరికరానికీ ఇలా ఒక వరుస రాసి కూడితే అదే లోడ్‌ షీట్‌. మంచి రీఫిట్‌ స్క్రూడ్రైవర్‌తో కాకుండా ఈ కాగితంతో మొదలవుతుంది.

రేవు నుంచి వచ్చే కరెంటు

యాట్‌ రేవులో ఉన్నప్పుడు ఒడ్డు నుంచి కరెంటు తీసుకుంటుంది. యూరప్‌లో మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌. అమెరికాలో 120/240 వోల్టులు, 60 హెర్ట్జ్‌. వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్‌తో మార్చొచ్చు గానీ ఫ్రీక్వెన్సీ దానితో మారదు. 60 హెర్ట్జ్‌కు తయారైన ఏసీ కంప్రెసర్‌ మోటారును అదే వోల్టేజీతో 50 హెర్ట్జ్‌ మీద నడిపితే నెమ్మదిగా తిరుగుతూ వేడెక్కుతుంది. అందుకే దేశాలు తిరిగే పెద్ద యాట్‌లలో ప్రత్యేకంగా ఫ్రీక్వెన్సీ కన్వర్టర్లు పెడతారు.

ఇంకో విషయం. పక్కపక్కనే కట్టిన పడవలన్నీ ఒడ్డునున్న ఎర్త్‌ వైరు ద్వారా ఒకదానికొకటి కలిసిపోతాయి. ఉప్పునీరు మధ్యలో ఉంది కాబట్టి మొత్తం ఒక పెద్ద బ్యాటరీలా మారి, మీ యాట్‌ ప్రొపెల్లర్‌ షాఫ్ట్‌ తుప్పుపడుతుంది. దీన్ని గాల్వానిక్‌ ఐసొలేటర్‌తో ఆపొచ్చు. ఐసొలేషన్‌ ట్రాన్స్‌ఫార్మర్‌ అయితే ఇంకా మేలు. ఎర్త్‌ వైరునే తీసేయడం మాత్రం పరిష్కారం కాదు, అది నేరం లాంటిది. ఎర్త్‌ లేని పడవలో లీకైన కరెంటు నీటిలోకి పారితే, చుట్టుపక్కల ఈదేవారి కండరాలు పట్టేసి మునిగిపోతారు. మంచినీటి సరస్సుల్లోని రేవుల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్‌ అయ్యే రక్షణ పరికరం ఇక్కడ ప్రాణరక్షకం.

ఇప్పుడు చాలామంది లిథియం బ్యాటరీలు అడుగుతున్నారు. పాత లెడ్‌ యాసిడ్‌ తీసి, ఆ చోట లిథియం పెడితే సరిపోదు. అది కరెంటును ఎంతిస్తే అంత మింగుతుంది కాబట్టి పాత ఆల్టర్నేటర్‌ వేడెక్కి కాలిపోవచ్చు. బ్యాటరీ నిర్వహణ సర్క్యూట్‌ హఠాత్తుగా కనెక్షన్‌ తెంచితే వోల్టేజీ ఎగిసి పరికరాలు దెబ్బతినొచ్చు. చార్జర్‌, ఆల్టర్నేటర్‌ రెగ్యులేటర్‌, ఫ్యూజులు అన్నీ కలిపి ఆలోచించాలి.

చట్టం ఏమంటోంది?

టాయిలెట్‌ వ్యవస్థ యజమాని ఇష్టం కాదు. సముద్ర కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం మార్‌పోల్‌లోని నాలుగో అనుబంధం మురుగునీటి గురించే. ఇది 2003 సెప్టెంబరు 27 నుంచి అమల్లో ఉంది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 400 గ్రాస్‌ టన్నులు, ఆపైన ఉన్న నౌకలకు, 15 మందికి మించి తీసుకెళ్లే చిన్న నౌకలకు వర్తిస్తుంది. ముక్కలు చేసి క్రిమిరహితం చేసిన మురుగునైతే తీరానికి 3 నాటికల్‌ మైళ్లు దాటాక వదలొచ్చు. శుద్ధి చేయనిదైతే 12 నాటికల్‌ మైళ్లు దాటాలి. అదీ ట్యాంకు నుంచి ఒక్కసారిగా కాకుండా, నౌక కనీసం 4 నాట్ల వేగంతో వెళ్తుండగా మాత్రమే. ఆమోదం పొందిన శుద్ధి ప్లాంటు ఉంటే నిబంధనలు వేరు.

అంతకంటే చిన్న యాట్‌లకు ఆయా దేశాల చట్టాలుంటాయి. అమెరికాలో కొన్ని జలాల్లో శుద్ధి చేసిన మురుగును కూడా వదలకూడదు. టర్కీలో కొన్ని తీరాల్లో మురుగును ఎక్కడ అప్పగించారో బ్లూ కార్డు అనే విధానంలో నమోదు చేస్తారు. కాబట్టి రీఫిట్‌కు ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఏ బ్రాండ్‌ కావాలి’ అని కాదు, ‘ఈ యాట్‌ ఎక్కడెక్కడ తిరుగుతుంది’ అని!

పని ఏ వరుసలో?

1. సర్వే: ప్రతి గొట్టం, వాల్వు, వైరును వెతికి ఫొటో తీసి రాసుకోవాలి. పాత యాట్‌ల డ్రాయింగులు సాధారణంగా ఉండవు, ఉన్నా నిజానికి సరిపోలవు.
2. డ్రాయింగ్‌, లోడ్‌ షీట్‌: కొత్త వ్యవస్థ కాగితం మీద పూర్తవ్వాలి. ట్యాంకు, పంపులను తర్వాత విప్పడానికి చోటుందా అన్నదీ ఇక్కడే చూడాలి.
3. తొలగింపు: ట్యాంకు ఖాళీచేసి, కడిగి, వాయువు పరీక్షించాకే కోత. ఎటూ కలవని పాత వైర్లను అలాగే వదిలేయకుండా లాగేయాలి.
4. అమరిక: ముందు పైపులు, ట్యాంకులు. తర్వాత తీగలు. ప్రతి తీగకు రెండు చివర్లా నంబరు.
5. పరీక్ష: పైపులకు ఒత్తిడి, వ్యాక్యూమ్‌ పరీక్ష. తీగలకు ఇన్సులేషన్‌ పరీక్ష. లోడ్‌ ఉండగా వోల్టేజీ. చివరగా యాట్‌ను నీటిలో దింపి ప్రతి సీకాక్‌ దగ్గర తడి ఉందేమో చూడాలి.
6. అప్పగింత: కొత్త డ్రాయింగులు, మాన్యువళ్లు, సిబ్బందికి శిక్షణ. టాయిలెట్‌లో ఏమేం వేయకూడదో చెప్పడమూ ఇందులో భాగమే!

మీకు దారి ఎటు?

ముందుగా ఒక నిజం. మన దేశంలో యాట్‌ల సంఖ్య తక్కువ. ముంబయి, గోవా, కొచ్చి వంటి చోట్ల కొంత పని ఉన్నా, యాట్‌ రీఫిట్‌ నేర్పే డిగ్రీ కోసం వెతికితే నిరాశే. అయితే ఇదే నైపుణ్యం వాణిజ్య నౌకలు, క్రూయిజ్‌ షిప్‌లు, నౌకా మరమ్మతు యార్డులు అన్నిటికీ కావాలి. ముందు నౌకల పని నేర్చుకుని, తర్వాత యాట్‌ల వైపు మళ్లడమే తెలివైన దారి.

ఐటీఐ విద్యార్థులకు: ఎలక్ట్రీషియన్‌, ప్లంబర్‌, ఫిట్టర్‌ ట్రేడ్‌లవారికి అప్రెంటిస్‌షిప్‌ మంచి మొదటిమెట్టు. విశాఖపట్నంలోని నేవల్‌ డాక్‌యార్డు అప్రెంటిస్‌ స్కూల్‌, కొచ్చిన్‌ షిప్‌యార్డు వంటివి ఐటీఐ పాసైనవారిని ఎలక్ట్రీషియన్‌, పైప్‌ ఫిట్టర్‌ లాంటి ట్రేడ్‌లలో తీసుకుంటాయి. ప్రకటనల కోసం వాటి అధికారిక వెబ్‌సైట్లనే చూడాలి. ఎలక్ట్రీషియన్‌గా చేరినా పక్కనున్న పైపుల విభాగంలో ఏం జరుగుతోందో గమనించండి. ఆ రెండో నైపుణ్యమే రేపు మిమ్మల్ని పదిమందిలో వేరుగా నిలబెడుతుంది.

డిప్లొమా, బీటెక్‌ వారికి: ఎలక్ట్రికల్‌, ఎలక్ట్రానిక్స్‌ బ్రాంచీలవారికి ఎలక్ట్రో టెక్నికల్‌ ఆఫీసర్‌, అంటే ఈటీఓ, దారి ఉంది. డైరెక్టరేట్‌ జనరల్‌ ఆఫ్‌ షిప్పింగ్‌ ఆమోదించిన సంస్థల్లో సుమారు నాలుగు నెలల శిక్షణ, ఎస్‌టీసీడబ్ల్యూ ప్రాథమిక భద్రతా కోర్సులు, సీడీసీ, సముద్ర సేవ, పరీక్షలు.. ఇదీ వరుస. మార్కుల నిబంధన, వయఃపరిమితి మారుతుంటాయి కాబట్టి డీజీ షిప్పింగ్‌ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. ఒక ముఖ్య హెచ్చరిక: రంగులను గుర్తించలేని సమస్య ఉంటే ఈటీఓ వైద్యపరీక్షలో గట్టెక్కలేరు. ఫీజు కట్టకముందే కంటి పరీక్ష చేయించుకోండి.

అనుభవం వచ్చాక: ఏబీవైసీ మెరైన్‌ ఎలక్ట్రికల్‌, మెరైన్‌ సిస్టమ్స్‌ సర్టిఫికెట్లు అమెరికా మార్కెట్లో గుర్తింపు ఉన్నవి. బ్రిటిష్‌ జెండా యాట్‌లలో ఇంజిన్‌ విభాగంలో చేరేవారికి ఏఈసీ పేరుతో ప్రారంభ కోర్సులున్నాయి. నేవిగేషన్‌ పరికరాలు మాట్లాడుకునే ఎన్‌ఎంఈఏ 2000 నెట్‌వర్క్‌ తెలిస్తే అదనపు బలం. గల్ఫ్‌లో యాట్‌ల తయారీ, మరమ్మతు యార్డులున్నాయి. అక్కడికి వెళ్లే మన ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు భవన నిర్మాణం వైపే కాకుండా ఇటువైపూ చూడొచ్చు.

డబ్బు కట్టే ముందు ఆగండి

‘యాట్‌లో ఉద్యోగం, డాలర్లలో జీతం’ అనగానే అప్పు చేసి లక్షలు కట్టేవాళ్లున్నారు. గుర్తుపెట్టుకోండి. నౌకల్లో ఉద్యోగానికి నియామక ఏజెన్సీకి డీజీ షిప్పింగ్‌ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్‌ లైసెన్సు ఉండాలి. నావికుల నుంచి నియామక రుసుము తీసుకోవడాన్ని 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం నిషేధిస్తోంది. ‘ప్లేస్‌మెంట్‌ ఫీజు’ అని అడిగారంటేనే అనుమానించాలి. విదేశీ యార్డులో ఒడ్డు మీది ఉద్యోగమైతే ఏజెంటు విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉన్నాడో లేదో ఈ-మైగ్రేట్‌ పోర్టల్‌లో చూడొచ్చు. తెలంగాణ వారికి ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ కూడా ఉంది. విజిట్‌ వీసా మీద వెళ్లి పనిలో చేరమంటే వద్దనండి. ప్రమాదం జరిగితే బీమా రాదు, జీతం ఎగ్గొడితే అడిగే హక్కూ ఉండదు.

ఇవాళే మొదలుపెట్టండి

కోర్సు దొరికేదాకా ఆగక్కర్లేదు. మల్టీమీటర్‌ కొని, బైకు బ్యాటరీ నుంచి హెడ్‌లైట్‌ దాకా లైటు వెలుగుతుండగా ఎక్కడెక్కడ ఎంత వోల్టేజీ పోతోందో కొలవండి. మీ ఇంట్లోని పరికరాలన్నిటికీ లోడ్‌ షీట్‌ రాయండి. నీళ్ల మోటారు, ట్యాంకు, కుళాయిల దాకా పైపుల బొమ్మ గీయండి. ఏ వాల్వు మూస్తే ఏది ఆగుతుందో చూడకుండా చెప్పగలరేమో పరీక్షించుకోండి. క్రింపింగ్‌ టూల్‌తో వంద జాయింట్లు చేసి, ఒక్కోదాన్నీ లాగి చూడండి. వీటన్నిటినీ ఫొటోలతో ఒక ఫైలు చేసుకుంటే అప్రెంటిస్‌షిప్‌ ఇంటర్వ్యూలో మార్కుల జాబితా పక్కన పెట్టడానికి మీ దగ్గర ఇంకోటి ఉంటుంది. ఇంగ్లిష్‌లో రోజుకో పది వాక్యాల పని నివేదిక రాయడం కూడా అలవాటు చేసుకోండి. యార్డుల్లో చేసిన పని ఎంత ముఖ్యమో, దాన్ని రాసిపెట్టడమూ అంతే ముఖ్యం.

మీరు బిగించిన పైపు, లాగిన వైరు చెక్క పలకల వెనక దాగిపోతాయి. యజమాని వాటిని ఎప్పటికీ చూడకపోవచ్చు. పదేళ్ల తర్వాత ఇంకెవరో ఆ పలక విప్పినప్పుడు తీగకు నంబరు, గొట్టానికి రెండు క్లిప్పులు, పక్కనే ఒక డ్రాయింగు కనిపిస్తే చాలు.. చేసింది పనివాడేనని వాళ్లే గుర్తుపడతారు.